బరంపురంలో మబ్బు పడితే

హౌరా నుంచి చెన్నైకి పోయే రైలుమార్గంలో, భువనేశ్వరం దాటి 166 కిలోమీటర్లు వచ్చాక తగిలే పెద్ద స్టేషను బరంపురం. అక్కడినుంచి విశాఖపట్నం మరొక 277 కిలోమీటర్లు. స్టేషను పలక మీద బ్రహ్మపుర్ అని వ్రాసి వుంటుంది గాని మనవాళ్ళ నోట అది ఎప్పుడూ బరంపురమే. పట్టుచీరలకూ, అప్పడాలకూ, ఊరగాయలకూ పేరుమోసిన వూరు. రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరిగారు 1894లో పుట్టినది ఇక్కడనే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకూ గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిది. ఆనాడు గీసిన గీతకు ఇవతల మిగిలిపోయిన తెలుగు కుటుంబాలలో మాదొకటి. వీధిలో ఒడియా, పిల్లల బడిలో ఇంగ్లీషు, కచేరీలో మూడు భాషలూ కలగాపులగం, ఇంట్లో తెలుగు - ఈ పద్ధతి మాకు నాలుగు తరాల నుంచీ అలవాటైపోయినది.

ఇవన్నీ పాఠకులకు తెలిసిన సంగతులే. మేము మనవి చేయబోయేది వూళ్ళోని మేడలను గురించి కాదు, ఆ మేడల నెత్తిమీద వున్నవాటిని గురించి.

రైలు వంతెన మీద ఒక్క నిమిషం ఆగి వూరివైపు చూడండి. డాబాల మీద నీళ్ళ తొట్లూ, ఆరవేసిన చీరలూ, ఎండబెట్టిన వడియాలూ. వాటి నడుమ లెక్కపెట్టలేనన్ని తెల్లని గిన్నెలు, వెడల్పాటి డిష్షులు. కొంచెం అటూ ఇటూగా అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి వుంటాయి. గుళ్ళోనైనా జనం అంత క్రమంగా నిలబడరు. ఆ దిక్కు దక్షిణం, లేదా దక్షిణానికి కాస్త తూర్పు. ఎందుకంటే టెలివిజను ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుంటాయి. దూరదర్శన్ వారి ఉచిత ప్రసారాలను మోసే జీశాట్-15 అనేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి వుంటుంది. బరంపురం డాబామీద నిలబడి చూస్తే అది సముద్రం వైపు, ఆకాశంలో మూడింట రెండువంతుల ఎత్తున వున్నట్లు లెక్క.

చిక్కేమిటంటే, మాకు వాన వచ్చేది కూడా ఆ వైపు నుంచే. గోపాల్‌పూర్ సముద్రతీరం మాకు పదిహేను కిలోమీటర్లు. జూన్ మొదలు అక్టోబరు దాకా మబ్బు అక్కడ లేచిందంటే, చినుకు మా పెరట్లో పడకముందే టీవీలో బొమ్మ బిగుసుకుపోతుంది. ఆకాశం మా నెత్తిన నిర్మలంగా వుంటుంది, గిన్నె చూసే దారి మాత్రం నల్లబడి వుంటుంది. "ఒరే, మళ్ళీ బొమ్మ ఆగిపోనాదిరా, బట్టలు లోపలికి తియ్యండి" అని మా అమ్మ కేక వేస్తుంది. వాన కబురు చెప్పడంలో మా ఇంట్లో ఆ డిష్షును మించినది లేదు. తక్కిన కబుర్లే అది సరిగా చెప్పదు.

ఇది మా ఒక్కరి బాధ కాదు. మా పేటలో తెలుగిళ్ళు పాతిక దాకా వుంటే, సాయంత్రం వాన పడినప్పుడు పాతిక ఇళ్ళలోనూ ఒకే రకమైన విసుగు వినిపిస్తుంది. కాని మా పెద్దవాళ్ళ రోజుల్లో సంగతి వేరు.

మా నాన్నగారి రేడియోకు పోస్టాఫీసు ముద్రలు వేసిన లైసెన్సు పుస్తకం వుండేది. ఆ పుస్తకం ట్రంకుపెట్టెలో ఇప్పటికీ వున్నది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో, విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టులో మొదలైనాయి. మాకు కటకం కేంద్రం 1948 జనవరి నుంచే వున్నది; అది ఒడియా ముచ్చట, అదీ వినేవాళ్ళం. కాని పొద్దుగూకిన తరువాత నాన్నగారు ముల్లును 927 దగ్గరకు తెచ్చి నిలిపేవారు. అది విశాఖ. ఆ అంకె దగ్గర గాజుమీద ఆయన సిరా చుక్క ఒకటి పెట్టి వుంచారు. పగలు విశాఖ మాకు గోడవతల మనిషి మాట్లాడినట్లు వినిపించేది. చీకటి పడితే గొంతు పెరిగేది. మీడియం వేవ్ తరంగాలకు ఆ గుణం వున్నది. పగలు ఆకాశంలో ఒక పొర వాటిని మింగివేస్తుంది, రాత్రి ఆ పొర విడిపోయి, దాని పైది అద్దంలాగా వాటిని తిప్పి దూరదేశాలకు దింపుతుంది. అందుచేత రాత్రివేళ విజయవాడ కూడా వచ్చేది. షార్ట్ వేవ్ మీద సిలోను వారి తెలుగు సినిమా పాటలు అలలలాగా వచ్చి పోతూ వుండేవి.

బాగా వచ్చేవని మేము చెప్పడం లేదు. కరకరలు వుండేవి, మధ్యలో మరొక కేంద్రం తలదూర్చేది, హరికథ మంచి పట్టులో వుండగా ఉరుము ఉరిమితే చెవులు మూసుకోవలసి వచ్చేది. కాని మాట పూర్తిగా పోయేది కాదు. పోయిన ముక్కను మా మామ్మ తనంతట తాను పూరించుకునేది. తరువాత టీవీ వచ్చినప్పుడూ అంతే. వెదురుబొంగుకు కట్టిన ఏంటెనా గాలికి తిరిగిపోతే తెరమీద ముగ్గుపిండి చల్లినట్లుండేది, ఒక మనిషికి ఇద్దరు కనపడేవారు. అయినా గొంతు వినపడుతూనే వుండేది. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ వారు వేసే ప్రాంతీయ భాషా చిత్రాలలో ఎప్పుడో ఒకనాడు తెలుగు వంతు వస్తే, ఆ ముగ్గుపిండిలోనే చూసి ఆనందించాము. ఒకరు డాబా మీద బొంగు తిప్పడం, ఒకరు మెట్ల మీద నిలబడి "చాలు, చాలు, అయ్యో పోయింది" అనడం, మా ఈడువారికందరికీ తెలిసిన వినోదమే.

డిజిటల్ అనే పద్ధతిలో ఈ సగం సగం బేరం లేదు. పాత ప్రసారం వానలో తడిసిన కార్డు వంటిది. సిరా అలుక్కుపోయినా ఎవరు వ్రాశారో, ఏమి వ్రాశారో పోల్చుకోవచ్చును. కొత్తది తాళంచెవి వంటిది. పళ్ళన్నీ సరిపడితే తలుపు బార్లా తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు. బొమ్మనూ గొంతునూ అంకెలుగా మార్చి పంపుతారు. దారిలో కొన్ని అంకెలు చెడినా సరిదిద్దుకునే ఏర్పాటు పెట్టెలోనే వుంటుంది. అందుకే కొద్దిపాటి చినుకుకు ఏమీ తెలియదు. ఆ హద్దు దాటితే మాత్రం బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలి, అర నిమిషంలో నీలిరంగు పలక వస్తుంది, సిగ్నలు లేదని. ఇంటి డిష్షులకు వాడే తరంగాల పొడవు రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. అంత పొట్టి తరంగాన్ని వాన చినుకు సులభంగా మింగనూ గలదు, చెదరగొట్టనూ గలదు. కేబులు వారి ఆవరణలో వుండే పెద్ద పెద్ద గిన్నెలు చాలావరకు ఏడెనిమిది సెంటీమీటర్ల తరంగాలను పడతాయి. వాటిని వాన అంతగా బాధించదు. వర్షంలో మన డిష్షు మూగబోయినా పక్కింటి కేబులు పలుకుతూ వుండడానికి ఇదే కారణం. అయితే కేబులుకు తీగ తెగే భయం వున్నది, కరెంటు స్తంభాల మీద కోతుల భయం వున్నది.

మేము కేబులు మాని డిష్షు ఎందుకు పెట్టించుకున్నామంటే, తెలుగు కోసమే. కేబులు డిజిటలుగా మారవలెనన్న ప్రభుత్వ నిబంధన చిన్న పట్టణాలకూ పల్లెలకూ 2017 మార్చితో పూర్తి అయినది. ఆ మార్పులో మా పేట కేబులు అబ్బాయి నాలుగు తెలుగు ఛానళ్ళను రెండు చేశాడు, తరువాత ఆ రెంటినీ ఎత్తివేశాడు. అడిగితే "గిరాకీ లేదు మవుసా" అన్నాడు. పాతిక ఇళ్ళు గిరాకీ కాదు కాబోలు.

ఈ విసుగు ఇంతవరకూ నవ్వుకునేదే. నవ్వుకోలేని రోజు ఒకటి 2018లో వచ్చినది.

ఆ యేడు అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినది. మా చెల్లెలిని ఇచ్చినది కవిటి దగ్గర పల్లెకు. అది ఉద్దానం, అంతా కొబ్బరితోటలు. మాకూ పలాసకూ నడుమనే వున్నది ఆ పల్లె. ముందునాటి సాయంత్రం నుంచే మా డిష్షు నీలిరంగు పలక చూపిస్తున్నది. చెల్లెలి ఫోను మోగడం లేదు, మేనల్లుడిదీ మోగడం లేదు. పక్కింటి ఒడియావారు మంచివారు. ఇన్వర్టరు మీద టీవీ నడుపుతూ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చారు. వారి కేబులులో ఒడియా వార్తలు ఎడతెగకుండా వస్తున్నాయి. గోపాల్‌పూర్ చూపించారు, గజపతి జిల్లాలో కొండవాగులు పొంగడం చూపించారు. అది వారి ధర్మం, వారి జిల్లాలు అవి, మావి కూడాను. కాని ఇచ్ఛాపురం దాటి ఒక్క అడుగు అవతల ఏమైనదో ఆ పెట్టెలో ఎక్కడా లేదు. రెండు రాష్ట్రాల మధ్య గీత మేము రోజూ బస్సులో దాటేదే. ఆ పూట టీవీ తెరమీద దానికి అవతల లోకమే లేనట్లున్నది.

మా అమ్మ మాట్లాడకుండా లేచి ఇంటికి వెళ్ళి, అటకమీద నుంచి నాన్నగారి ట్రాన్సిస్టరు దింపించినది. అంతకు ముందు 2013 అక్టోబరు 12న ఫాయిలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన గాలితో వచ్చినప్పుడు, దసరా అష్టమి నాడు వూరంతా చీకటై రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, ఆ పెట్టే మాకు దిక్కైనది. ఆ సంగతి ఆవిడ మరచిపోలేదు. గడియారంలోని సెల్లులు తీసి అందులో వేశాము. సిరా చుక్క సగం చెరిగిపోయి వున్నది. ముల్లు అక్కడికి తెచ్చి, పెట్టెను మెల్లగా తిప్పుతూ పోతే, ఈదరగాలి హోరులో విశాఖ గొంతు దొరికినది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు - మండలాల పేర్లు వరుసగా చదివారు. చెట్లు పడి దారులు మూసుకుపోయినవని, స్తంభాలు కూలినవని చెప్పారు. మంచి వార్త కాదు. అయినా ఎవరో ఆ పేర్లు పలికారన్న ధైర్యం ఆ గదిలో అందరికీ కలిగినది. దారులు లేవు గనుక ఫోనులు లేవు, ఫోనులు లేవు గనుక కబురు లేదు. అంతేగాని మరేమీ కానక్కరలేదు అని అమ్మ తనకు తాను నచ్చజెప్పుకోగలిగినది.

మూడవనాడు మేనల్లుడు ఎక్కడిదాకానో నడిచి వచ్చి ఫోను చేశాడు. "మావయ్యా, మేమందరం బాగున్నాం. పెంకులెగిరిపోనాయి. కొబ్బరి పోనాది. అమ్మమ్మకి చెప్పు." నలభై చెట్లకు మూడు నిలిచినవట.

ఆ తరువాత సంక్రాంతికి చెల్లెలిని చూసి, వస్తూ ఇచ్ఛాపురంలో బంధువుల ఇంట ఒక రాత్రి ఆగాము. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ పాతిక కిలోమీటర్లు. అదే గాలి, అదే ఉప్పు, అదే మబ్బు. అక్కడ కేబులులో తెలుగు ఛానళ్ళు కుప్పతెప్పలుగా వున్నాయి. మా అమ్మ రాత్రి పదకొండు దాకా నిద్రపోలేదు. పిల్లలు విందు భోజనంలో కూర్చున్నట్లు కూర్చున్నారు. మరునాడు ఉదయం వీధి అరుగు మీద ఒక ఒడియా పెద్దాయన పరిచయమైనాడు. వారిది ఆ వూళ్ళో తరాల నాటి కుటుంబమట. మేము బరంపురం నుంచి వచ్చామని తెలియగానే ఆయన మొదట అడిగిన ప్రశ్న: "మీకు ఒడియా అన్నీ వస్తాయి గదూ? మాకు ఇక్కడ ఒక్కటీ ఇవ్వడు. జగన్నాథుని రథయాత్ర చూడడానికి నా కొడుకు ఫోనులో వెతకాలి." ఆయన చక్కని తెలుగులో అడిగాడు, మేము ఒడియాలో జవాబు చెప్పాము. ఇద్దరమూ ఇళ్ళు మార్చుకుంటే సరిపోతుందని నవ్వుకున్నాము.

ఆ ఫిబ్రవరి 1వ తేదీ నుంచి, అంటే 2019లో, ఛానళ్ళను ఎవరికి కావలసినవి వారే ఎంచుకునే కొత్త పద్ధతి వచ్చినది. వంద ఛానళ్ళ దాకా మోసినందుకు 130 రూపాయలూ, పన్నూ. ఆపైన డబ్బు ఛానళ్ళకు విడివిడిగా ధర. గుత్తలో పెట్టదలచిన ఛానలు ధర 19 రూపాయలు మించకూడదని హద్దు పెట్టారు. చాలామంది ఈ పద్ధతిని తిట్టారు. మేము తిట్టము. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుని, రాష్ట్రం పేరుతో కట్టిన మూటను విప్పి, మనకు కావలసిన రెండు భాషలనూ మనమే కలుపుకునే హక్కు మాబోటి వారికి మొదటిసారి దొరికినది అప్పుడే. ఒడియా మూడు, తెలుగు అయిదు, పిల్లలకు ఒకటి. అయితే ఫోను చేసి ఆ మాట చెప్పుకోవడం మాత్రం ఒక యజ్ఞం. కంపెనీ పేరు ఎందుకు గాని, ఒడిశా నుంచి పిలిచినవారికి తెలుగులో జవాబు చెప్పే ఏర్పాటు వారికి లేదు. మేము హిందీలో నెట్టుకొచ్చాము. మా అమ్మ ఒక్కతే అయితే ఆ పని జరిగేది కాదు.

డబ్బు కట్టలేనివారికీ, కట్టదలచనివారికీ దూరదర్శన్ వారి ఉచిత డిష్షు వున్నది. ఒకసారి గిన్నె, పెట్టె కొనుక్కుంటే నెలనెలా చెల్లింపు లేదు. సప్తగిరి, యాదగిరి రెండూ అందులో వస్తాయి. ఆకాశవాణి తెలుగు కూడా అదే పెట్టెలో వినవచ్చును. ఈ సంగతి మా పేటలోనే సగం మందికి తెలియదు.

మరమ్మతుకు వచ్చే కుర్రవాడు ఒడియా అబ్బాయి, అమ్మను మవుసీ అంటాడు, పనిలో గట్టివాడు. అతని దగ్గర మేము నేర్చుకున్న నాలుగు ముక్కలు పాఠకులకు పనికివస్తాయి. సముద్రం దగ్గరి వూళ్ళలో చెడేది గిన్నె కాదు, తీగ చివరి మర. ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పడుతుంది. వానాకాలానికి ముందు దానిని మార్చి, పైన రబ్బరు టేపు చుట్టించవలెను. గిన్నెను పిట్టగోడకు బిగించేటప్పుడు మేకులు కాక సిమెంటులో దిగే మరలు వాడవలెను. గాలికి వేలెడంత కదిలినా ఉపగ్రహం తప్పిపోతుంది. ఎండరోజున బాగానే వస్తున్నదని ఊరుకోకుండా, పెట్టెలో సిగ్నలు కొలత చూపించి ఇంకా పెరిగేదాకా గిన్నె తిప్పించుకోవలెను. ఎండలో మిగులు వుంటేనే వానలో నిలుస్తుంది. గిన్నె దారిలో పెరిగే మునగకొమ్మను ఎవరూ లెక్కచేయరు. తడిసిన ఆకు గోడతో సమానం.

రేడియోకు కూడా ఒక మాట. ఇంట్లో కొత్త రకం ఎల్.ఇ.డి. దీపాలూ, ఛార్జర్లూ వెలుగుతుంటే మీడియం వేవులో గీ మని రొద వస్తుంది. వాటిని ఆర్పి, పెట్టెను కిటికీ దగ్గరకు చేర్చి, పొడుగువైపు కేంద్రానికి అడ్డంగా వుండేటట్లు తిప్పితే గొంతు తేరుకుంటుంది. మా నాన్నగారు కారణం తెలియకుండానే ఆ పని చేసేవారు. లోపలి నల్లని కడ్డీ చేసే మాయ అది.

అయితే ఈ ముచ్చట ఎన్నాళ్ళో. దేశంలో మీడియం వేవ్ కేంద్రాలను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ ఎఫ్.ఎం. ను పెంచుతూ వస్తున్నారు. ఎఫ్.ఎం. మధురంగా వుంటుంది, సందేహం లేదు. కాని అది చూపు ఆనినంత మేర పోతుంది, దిగంతం దగ్గర ఆగిపోతుంది. మధ్యలో మహేంద్రగిరి వంటి కొండలు వుంటే అంత దూరమూ పోదు. గీత దాటి మాబోటి వారి ఇళ్ళలోకి వచ్చినది మీడియం వేవు ఒక్కటే. ఆకాశవాణి వారు 35 మీడియం వేవ్ కేంద్రాలలో డిజిటల్ ప్రసారానికి యంత్రాలు పెట్టారు. దానిని పట్టే పెట్టెలు కొన్ని కార్లలో వున్నాయి గాని, మా బడాబజారులో ఒక్క దుకాణంలోనూ మాకు దొరకలేదు. ఫోను యాప్‌లో ఆకాశవాణి విశాఖ, విజయవాడ రెండూ అద్దంలాగా వస్తాయి. పిల్లలు అమ్మకు అది పెట్టి ఇచ్చారు, ఆవిడ వాడుతూనే వున్నది. తుపాను నాడు టవరు పడిపోతే అదీ లేదు గదా.

అందుచేత ఇప్పుడు మా ఇంట ఏర్పాటు ఇది: ఒక డిష్షు, ఒక ఫోను, ఆ పాత ట్రాన్సిస్టరు, దేవుడి అలమరలో అగరొత్తుల పక్కన నాలుగు కొత్త సెల్లులు. సెల్లులను గడియారానికి గాని పిల్లల బొమ్మలకు గాని వాడరాదని అమ్మ శాసనం. అక్టోబరు రాకముందే ఒక రాత్రి ఆవిడ పెట్టెను పరీక్షించి చూస్తుంది. మొన్నటిసారి వాన జోరుగా వున్నది, టీవీలో నీలిరంగు పలక. ఎంత తిప్పినా విశాఖ చిక్కలేదు. కటకం చిక్కినది, ఒడియా భజన వస్తున్నది. "ఇదీ బాగానే వున్నది, వుండనీ" అని గొంతు కాస్త పెంచి, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నది.